ఈయని వాగ్దానము

మన యిండ్లలో వ్యాధులకు కూడ వర్ణభేదము కలదు. కొన్ని వీధిలో చెప్పుకొనదగినవి. కొన్ని గది తలుపు మూసి మాటాడుకొనవలసినవి. బిడ్డకు టైఫాయిడు వచ్చెనన్నచో ఇరుగుపొరుగువారు బత్తాయిపండ్లు తీసికొని వత్తురు. కాలు విఱిగెనన్నచో ఏ యెముకల వైద్యుడు మంచివాడో పదిమంది చెప్పుదురు. అదే బిడ్డ పదునాఱవ యేట నిద్ర మాని, తిండి మాని, ఇతరులకు వినబడని మాటలకు సమాధానము చెప్పుకొనుచు మూలను కూర్చుండెనన్నచో ఇల్లంతయు మౌనవ్రతము పట్టును. చుట్టములు వచ్చినపుడు బిడ్డను లోపలి గదిలోనికి పంపుదురు. కొంచెము నీరసముగా నున్నదని చెప్పుదురు. ఆ నీరసమునకు మందు దొరకదు. ఏలయన దాని యసలు పేరు చెప్పుట కెవ్వరికిని ధైర్యము చాలదు.

ఈ మౌనమును గూర్చి మేము చాలకాలముగా వ్రాయదలచుచుంటిమి. అందులకు సాధనముగా మాకొక నవల దొరికినది. అది మన దేశపు నవల కాదు. అమెరికాలో 1964లో వెలువడినది. దాని పేరు ‘ఐ నెవర్ ప్రామిస్డ్ యూ ఎ రోజ్ గార్డెన్’. నీకు గులాబితోట నిత్తునని నేనెన్నడును మాట యీయలేదని దాని యర్థము. పదునాఱేండ్ల బాలిక యొకతె చిత్తవ్యాధిచే మూడేండ్లు ఆసుపత్రిలో గడపిన కథ యది. అప్పుడు పెద్దల నవలగానే ప్రకటింపబడినను, తరువాత దానిని తమదిగా అక్కున జేర్చుకొన్నవారు ఆ బాలిక యీడువారే. లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయినవి. 1977లో చలనచిత్రముగా కూడ వచ్చినది.

ముఖపత్రముపై రచయిత్రి పేరు హన్నా గ్రీన్ అని యుండెను. అది మాఱుపేరు. అసలు పేరు జోయాన్ గ్రీన్‌బర్గ్. ఆమె 1932లో న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో జన్మించినది. 1948 మొదలు 1951 వఱకు మేరీలాండు రాష్ట్రమున రాక్విల్ పట్టణమందలి చెస్ట్‌నట్ లాడ్జి యను మానసిక చికిత్సాలయములో తానే రోగిగా నుండెను. నవలలోని కథ కల్పితమైనను దాని వేళ్లు ఆ మూడేండ్ల జీవితములోనే యున్నవి. రోగమును దాచుట వలని కీడును చెప్పు గ్రంథము సయితము కర్త పేరు దాచుకొని లోకములోనికి రావలసి వచ్చెను! ఇందుకు రచయిత్రిని నిందింపరాదు. ఆమెకు సంసారమున్నది, బిడ్డలున్నారు, లోకమెట్టిదో ఆమె యెఱుగును. కాలక్రమమున ఆమె తన పేరును తానే బయలుపఱచినది. అటుపిమ్మట అనేక గ్రంథములు వ్రాసినది. చెవిటివారైన దంపతుల జీవితమును గూర్చి 1970లో ఆమె వ్రాసిన ‘ఇన్ దిస్ సైన్’ అను నవల వానిలో నొకటి. పిచ్చిదని లోకము తలుపు మూసిన బాలిక యింతటి జీవితమును జీవించినదని మన గృహిణులు ముందుగా తెలిసికొనవలెను.

ఇక కథ. డెబొరా బ్లావ్ అను బాలికను తల్లి ఎస్తేరు, తండ్రి జేకబ్ కారులో నెక్కించుకొని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా నవల ప్రారంభమగును. ఆ బాలిక తన ప్రాణమును తానే తీసికొన బోయి బ్రదికినది. వారు యూదులు, తాత ఐరోపా నుండి వలసవచ్చి కష్టించి ధనము గడించినవాడు. ఇల్లు కలిమిగలది. బిడ్డ తెలివిగలది. బొమ్మలు చక్కగా గీయును. పైకి చూచినచో ఏ లోటును లేదు. కాని ఆమె లోపల ఒక రాజ్యమున్నది. దానికి ‘ఇర్’ అని పేరు. అచ్చట దేవతలున్నారు, ఆ దేవతలకు భాష యున్నది, ఆ భాష ఆమెకు దప్ప నెవ్వరికిని రాదు. మొదట ఆ రాజ్యము ఆమెకు చలువపందిరివలె నుండెను. బయటి లోకము గాయపఱచినపుడు అందు తలదాచుకొనెడిది. క్రమముగా పందిరియే చెఱసాలయైనది. దేవతలు శాసింపసాగిరి. ఇర్‌ను గూర్చి యొక మాట పైకి చెప్పినచో శిక్ష తప్పదు. పరిహసించు గొంతులు గుంపుగా చేరి పగలు రాత్రి యామెను నిందించుచుండెను.

ఇది చదివి, కావలసిన వింత చదివితిమని పుస్తకము మూయువారు కొందఱుందురు. మాకు వింతగా తోచినది ఆ దేవతలు కారు. దేవతలు పుట్టుటకు ముందు ఆ యింట జరిగిన చిన్న చిన్న సంగతులు. డెబొరా అయిదేండ్ల పిల్లగా నున్నపుడు ఆమె మూత్రమార్గమున కంతి పెరిగినది. శస్త్రచికిత్స చేసిరి. ‘నొప్పి యుండదు’ అని వైద్యులు చెప్పిరి. నొప్పి భరింపరానిదైనది. పెద్దవారు నవ్వుచు చెప్పిన మాట బొంకైనది. అది మొదలు ఆ బిడ్డకు ఒక సంగతి బోధపడెను: బయట కనబడు ముఖమొకటి, లోపలి నిజమొకటి. తొమ్మిదేండ్ల వయసున వేసవి శిబిరమునకు పోయినపుడు తోడి పిల్లలు యూదురాలని వెలివేసిరి. ఆ బాధ చెప్పుకొనుటకు చోటు లేదు. ఇంటిలో అందఱును ఆమె సుఖముగా నున్నదనియే నమ్మదలచిరి.

ఆసుపత్రికి చేర్చిన పిదప ఆ యింట మఱియొక బొంకు పుట్టెను. డెబొరాకు సూజీ యను చెల్లెలున్నది. అక్క యెక్కడికి పోయినదని అడుగునుగదా! బలహీనులైన బాలికలు విశ్రాంతి తీసికొను పాఠశాలలో నున్నదని తల్లిదండ్రులు చెప్పిరి. బంధువులకును అదే మాట. చాలకాలము గడచిన పిమ్మట నిజము చెప్పక తప్పలేదు. తీరా చెప్పినపుడు సూజీ మూర్ఛపోలేదు, కేకలు వేయలేదు. ఆ పిల్ల కొంత ముందే పసిగట్టియుండెను. పెద్దవారు కాపాడుచున్నామనుకొన్నది చెల్లెలిని కాదు, తమ భయమును.

చెల్లెలికి చెప్పిన యా బొంకునకు సరియైన జోడు అక్క మనసులోనే యున్నది. అయిదేండ్ల వయసున తాను పసికందైన చెల్లెలిని కిటికీలోనుండి క్రింద పడవేయబోతినని, తల్లి చూచి ఆపెనని, అయినను ఎవరును తన్ను దండింపలేదని, దానిని గూర్చి మాటయైనను ఎత్తలేదని డెబొరా దృఢముగా నమ్మినది. తాను పుట్టుకతోనే విషమని ఆమె సిద్ధాంతము. ఈ సంగతి చికిత్సలో పైకి వచ్చినపుడు వైద్యురాలు దానిని ఆధారములతో పరీక్షించినది. అయిదేండ్ల పిల్ల బలమెంత? శిశువు బరువెంత? అన్నియు కలిపి చూడగా అట్టిది జరిగియుండుటకు వీలే లేదని తేలెను. చెల్లెలు పుట్టినపుడు అసూయ పడుట నిజము, చంపబోవుట కల్పన. పదునొకండేండ్లు ఒక బిడ్డ చేయని హత్యకు తన్ను తాను శిక్షించుకొన్నది. ఆ యింట ఎవరైనను ఒక్కనాడు కూర్చుండబెట్టి ‘నీ మనసులో ఏమున్నది తల్లీ’ అని యడిగి, చెప్పిన దానికి భయపడక వినియున్నచో ఆ భారము కొంతయైనను తగ్గియుండెడిది గదా.

ఆ ప్రశ్న నడిగిన మొదటి మనిషి నవలలోని డాక్టరు ఫ్రీడ్. ఈ పాత్రకు మూలమైన స్త్రీ ఫ్రీడా ఫ్రాం-రైఖ్‌మాన్. ఆమె 1889లో జర్మనీలోని కార్ల్స్‌రూహ పట్టణమున యూదుల యింట జన్మించినది. మొదటి ప్రపంచయుద్ధములో తలకు గాయములు తగిలిన సైనికులకు చికిత్స చేసినది. 1933లో నాజీలు అధికారమునకు రాగా స్వదేశము విడిచి, 1935లో అమెరికా చేరి, చెస్ట్‌నట్ లాడ్జిలో పనిచేసి, 1957లో రాక్విల్‌లోనే మరణించినది. తీవ్రమైన చిత్తవ్యాధి గలవారితో మాటాడి ఫలములేదని ఆనాటి వైద్యులలో పెక్కుమంది తలచుచుండగా, వారి మాటలో అర్థమున్నది, ఓపికతో వినినచో ఆ యర్థము తెలియునని ఆమె నమ్మినది. ఎత్తు తక్కువ, వయసు మీఱినది, ఇంగ్లీషులో జర్మను యాస. నవలలో డెబొరా మొదటిసారి చూచి ఇంటి పనిమనిషి యనుకొనును. అట్టి మనిషి ఇర్ దేవతలకంటె బలవంతురాలగుట కథలోని యసలు విషయము.

ఆ బలము ఎక్కడనుండి వచ్చినది? మేము రెండుమాఱులు చదివి తెలిసికొన్న దొక్కటే. ఆమె రోగితో బొంకలేదు. నీకు జబ్బు లేదని చెప్పలేదు. త్వరలో తగ్గునని చెప్పలేదు. ఇర్ లేదని వాదింపలేదు. దానిని నీ చేతినుండి లాగుకొనను, నీకు అవసరము తీరినపుడు నీవే విడువవచ్చునని చెప్పినది. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకొన్నది. అయిదేండ్ల నాడు వైద్యుల నోట పోయిన విశ్వాసము పదునాఱేండ్లకు వైద్యురాలి నోటనే తిరిగి లభించినది. ఇది యొక దినమున జరుగలేదు. వైద్యురాలు కొంతకాలము ఊరు విడిచిపోయినపుడు డెబొరా మఱల దిగజాఱి తన దేహమును తానే గాయపఱచుకొన్నది. మందకొడిగా, రెండడుగులు ముందునకు, ఒకటి వెనుకకు, మూడేండ్లు సాగినది.

గ్రంథనామము పుట్టిన ఘట్టమును ఇచ్చట చెప్పవలెను. తీవ్రరోగుల వార్డులో తడిదుప్పట్లలో చుట్టి మంచమునకు కట్టివేయుట ఆనాటి చికిత్సలలో నొకటి. అట్లు కట్టబడియున్న ఒక రోగిని పరిచారకుడు కొట్టెను. ప్రక్కమంచముపై కట్టబడియున్న డెబొరా అది చూచినది. పై వారికి చెప్పినది. రోగి మాట గనుక ఫలము లేకపోయినది. అప్పుడామె తన వైద్యురాలిని నిలదీసి అడుగును: ఇట్టి యన్యాయముండగా నేను బాగుపడి ఏ లోకమునకు రావలెను? వైద్యురాలు ఆ యన్యాయమును కప్పిపుచ్చలేదు. లోకము న్యాయమైనదని నీకు చెప్పలేదు, గులాబితోట నిత్తునని మాట యీయలేదు, దానికై పోరాడు స్వేచ్ఛ నీకు కలుగునట్లు సాయపడుటయే నా పని యని భావము వచ్చునట్లు పలికినది. ఈయని వాగ్దానమే ఆ బాలికకు ఊతకోల యైనది. ఇచ్చియుండినచో మఱియొక బొంకు చేరియుండెడిది.

అదే వార్డులో మఱియొక పరిచారకుడున్నాడు. మెక్‌ఫర్సన్ అని పేరు. రోగులను మనుష్యులుగా చూచువాడు. రోగులు గూడ అతనిని గౌరవింతురు. క్రొత్త పరిచారకుని వేధింపవలదని అతడొకనాడు డెబొరాను వేడుకొనును. జబ్బుపడినవారందఱు ఈ గోడల లోపలనే యున్నారని తలపవలదని, బయట సాయము దొరకక బాధపడువారు నీకంటె దురదృష్టవంతులు కావచ్చునని అతడు చెప్పును. రోగిని జాలిగా చూచువారు చాలమంది. రోగి యందు ధర్మమును అపేక్షించువాడు అరుదు. అతడు తన్ను కోప్పడినందుకు డెబొరా గర్వపడును! జాలి యొకప్పుడు అవమానమగును. బాధ్యత యప్పగించుట గౌరవమగును. ఇది మన పెద్దలు గమనింపదగిన విషయము.

ఈ నవల చదువుచున్నపుడు మా మనస్సు డెబొరాతోకంటె సూజీతో నెక్కువగా పోయినది. కారణమున్నది. మాకు పదునొకండేండ్ల వయసున మా పెదతండ్రిగారి కొమార్తె, ఇంటరు చదువుచున్నది, ఒకనాటి యుదయమున ఇంట కనబడలేదు. అంతకు నెలముందునుండి ఆమెకు నిద్ర లేదు. ఎదుటి యింటివారు తన తలలోని మాటలు వినుచున్నారని కిటికీ తలుపులు మూయుచుండెడిది. అక్క యేదీ యని మేమడుగగా, గాలిమార్పుకై అమ్మమ్మగారి యూరికి పోయినదని పెద్దవారు చెప్పిరి. మేము కాగితముపై ఉత్తరము వ్రాసి పెదనాన్నగారి చేతికిచ్చితిమి. పదిదినములకు జవాబు వచ్చినది. ‘బాగా చదువుకో, నేను కులాసా’ అని నాలుగు పంక్తులు, క్రింద అక్క పేరు. కాని ‘ళ’ అక్షరపు కొమ్మును క్రిందికి సాగదీయుట మా పెదనాన్నగారి అలవాటు. ఆ ఉత్తరమందు రెండు ‘ళ’లు ఉండెను. మేమేమియు అనలేదు. మఱల ఉత్తరము వ్రాయలేదు. ఆ యెనిమిది నెలలు అక్క చనిపోయినదనియే మేము నిశ్చయించుకొంటిమి. చచ్చినవారి పేర తప్ప బ్రదికినవారి పేర పెద్దలు దొంగయుత్తరము లేల వ్రాయుదురని మా చిన్నబుద్ధికి తోచినది.

ఆమె తిరిగివచ్చినది. చిక్కినది, మాట మెల్లగా వచ్చుచున్నది. ఇంటిలో ఎవ్వరును ఏమియు అడుగలేదు. ఊరి సంగతులు, ధరలు, పెండ్లిండ్లు, అన్నియు మాటాడిరి. ఆ యెనిమిది నెలలు మాత్రము పంచాంగమునుండి చించివేసినట్లు ఎత్తలేదు. చాలయేండ్ల తరువాత ఆమెయే మాతో చెప్పినది: ఆసుపత్రిలో కష్టపడితిని, కాని అక్కడ నా జబ్బునకు పేరుండెను, ఇంటికి వచ్చిన తరువాత నాకు పేరు లేకుండ పోయినది. నేడామె మందులు వాడుకొనుచు, నెలనెల వైద్యుని చూచుచు, పిల్లలకు లెక్కలు చెప్పుచున్నది. ఈ నవలను మేమామెకిచ్చితిమి. నాలుగు దినములలో చదివి తెచ్చి బల్లపై పెట్టి ఒక్క మాట యన్నది: ‘ఆ డాక్టరమ్మ తగ్గిపోతుందని చెప్పలేదు చూడు. అందుకే ఆ పిల్ల నమ్మింది.’ ఆమె యనుమతితోనే ఇది వ్రాయుచున్నాము. పేరు చెప్పకుండుట ఆమె కోరిక. ఆ హక్కు ఆమెదే, మాది కాదు.

ఇచ్చట పాఠకులొక యాక్షేపము చేయవచ్చును. ‘అయినచో బిడ్డ జబ్బును వీధిలో చాటింపు వేయమందురా? రేపు పెండ్లి కావలదా?’ అని. చాటింపు వేయమని మేమనము. గోప్యము వేఱు, బొంకు వేఱు. రోగి తన సంగతి ఎవరికి చెప్పవలెనో ఎవరికి చెప్పరాదో నిర్ణయించుకొనుట గోప్యము. మన దేశమున 2017లో చేసిన మానసిక ఆరోగ్యరక్షణ చట్టము ఈ గోప్యమును రోగి హక్కుగా కాపాడుచున్నది. రోగిని అడుగకయే పెద్దవారు కథ కల్పించి, ఆ కథలో రోగిని సయితము నటింపజేయుట బొంకు. మొదటిది రోగి గౌరవమును కాపాడును. రెండవది ఇంటి పరువును కాపాడుటకు రోగిని తాకట్టు పెట్టును.

పెండ్లి మాట వచ్చినది గనుక చెప్పెదము. పెండ్లి చేసిన తగ్గునను మాట మన గ్రామములలోనే కాదు, పట్టణములలో చదువుకొన్నవారి నోటను నేటికిని వినబడుచున్నది. పెండ్లి మందు కాదు. మందులు దాచి, వైద్యుని చీటీలు చించి, రాత్రి నిద్రకు గోలీ వేసికొనుటకు వీలులేకుండ అత్తవారింటికి పంపిన యాడుబిడ్డకు జబ్బు తిరుగబెట్టక యేమగును? ఆపై ముఖ్యమైన సంగతిని మోసముతో దాచి చేసిన వివాహమును రద్దు కోరుటకు 1955 నాటి హిందూ వివాహచట్టము వీలు కల్పించినది. దాచుటచే కుదిరిన సంబంధము దాచుటచేతనే తెగును. నడుమ నలిగిపోవునది బిడ్డ.

నవలను మెచ్చుకొన్నంత మాత్రమున అందలి దంతయు నేటికి ప్రమాణమని చెప్పరాదు. మూడు సంగతులను విడిగా చూపవలసియున్నది. మొదటిది: డెబొరా చికిత్స జరిగిన కాలమునకు చిత్తభ్రాంతులను తగ్గించు మందులు లేవు. క్లోర్‌ప్రోమజైన్ అను మొదటి మందును ఫ్రాన్సులో 1952లో మనోరోగులపై ప్రయోగించిరి. నేడు స్కిజోఫ్రెనియా వంటి వ్యాధికి మందు ముఖ్యము. మాట దానికి తోడు. నవల చదివి మందు మానుకొనుట ఘోరమైన పొరపాటగును. పైగా గ్రీన్‌బర్గ్‌కు వచ్చినది స్కిజోఫ్రెనియా కాదేమోయని 1981లో కొందఱు వైద్యులు సందేహము వెలిబుచ్చిరి. ఆమె యనుభవము సత్యమే. అది యందఱి వ్యాధికి నమూనా కాకపోవచ్చును.

రెండవది తల్లులకు సంబంధించినది. ఫ్రాం-రైఖ్‌మాన్ అంతటి విదుషీమణియే 1948లో ఒక వ్యాసమున, బిడ్డకు ఈ వ్యాధి తెచ్చిపెట్టు తల్లి యను నర్థము వచ్చు పదమును ప్రయోగించెను. ఆ పదము ముప్పదియేండ్లు తల్లుల గుండెలపై రాయియై కూర్చున్నది. తరువాతి పరిశోధనలు దానిని నిలుపలేదు. వంశానుగతమైన లక్షణములు, మెదడు పెరుగుదల, జీవితములోని దెబ్బలు, ఇట్టివి పెక్కు కలసి వ్యాధి పుట్టునే గాని తల్లి పెంపకము వలన పుట్టదు. మన యిండ్లలో శాస్త్రము లేకయే ఈ నింద యున్నది: ‘తల్లి గారాబము చేసినది’, ‘తల్లి కోప్పడినది’, ‘గర్భవతిగా నున్నపుడు గ్రహణము చూచినది’. విశేషమేమనగా నవలలోని ఎస్తేరును రచయిత్రి దోషిగా నిలబెట్టలేదు. భయపడిన, ప్రేమించిన, తెలియక తడబడిన తల్లిగా చూపినది. గురువు సిద్ధాంతముకంటె శిష్యురాలి కథ ఇచ్చట ధర్మముగా నున్నది.

మూడవది ధనము. చెస్ట్‌నట్ లాడ్జి ప్రైవేటు చికిత్సాలయము. ఒక్క రోగితో వారమునకు పలుమాఱులు, గంటల తరబడి, ఏండ్ల తరబడి మాటాడుట కలిగినవారికే చెల్లును. ఆ చికిత్సాలయమే 2001లో మూతపడినది. దాని ప్రధానభవనము 2009లో అగ్నికి ఆహుతియైనది. మన జిల్లా ఆసుపత్రిలో ఒక్క డాక్టరు ఉదయము నుండి మధ్యాహ్నము లోపల వరుసలో నున్న వారినందఱిని చూడవలసియుండును. అతడు డాక్టరు ఫ్రీడు కాలేడు. ఇది నిజము. కాని ఆమె చేసిన పనులలో ఒకటి ధనముతో పనిలేనిది: బిడ్డతో నిజము చెప్పుట, బిడ్డ చెప్పిన నిజమును వినుట. దానికి వరుసలో నిలువనక్కఱలేదు. అది ఇంటిలోనే జరుగవలెను.

మన దేశమున నిమ్హాన్స్ సంస్థ 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 7.3 మందికి ఏదో యొక మానసికవ్యాధి యున్నట్లు తేలెను. అనగా నలుబదిమంది కూర్చున్న తరగతిగదిలో ఇద్దఱు ముగ్గురు. వారందఱికి ఇర్ వంటి రాజ్యములుండవు. కొందఱిది దిగులు, కొందఱిది భయము. అందఱికిని సామాన్యమైనది మాత్రము ఒకటి యుండును: ఎవరితో చెప్పవలెనో తెలియకుండుట.

అట్టి బిడ్డ యున్న యింటివారు ముందుగా చేయవలసిన పని కష్టమైనది కాదు. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ‘నీకు ఒంట్లో కాదు, మనసులో బాగుండలేదని మాకు తెలిసినది; వైద్యునియొద్దకు పోదము; ఎంతకాలము పట్టునో మాకు తెలియదు; మేము విడువము’ అని చెప్పవలెను. వీనిలో మొదటి మూడును నిజములు, నాలుగవది మాట యిచ్చుట. ఈయదగిన మాట అదొక్కటే. తమ్ములకు, చెల్లెండ్రకు వారి యీడునకు తగిన మాటలతో నిజము చెప్పవలెను. వారు మనము తలచినదానికంటె ఎక్కువ చూచుచుందురు. ఎక్కడికి పోవలెనో తెలియనివారికి 2022 అక్టోబరు 10వ తేదీన భారతప్రభుత్వము ప్రారంభించిన టెలీ-మానస్ కలదు. 14416 అను సంఖ్యకు పగలు రాత్రి ఎప్పుడైనను ఫోను చేయవచ్చును, ఖర్చు లేదు, తెలుగులో మాటాడువారుందురు. ప్రాణము తీసికొన దలచిన బిడ్డను దండింపబూనుటకు మాఱుగా తీవ్రమైన మనోవేదనలో నున్న మనిషిగా చూడవలెనని 2017 చట్టము చెప్పుచున్నది. మనిషిని గొలుసులతో కట్టుటను అదే చట్టము నిషేధించినది. చట్టము నడచినంత దూరమైనను మన ఇండ్లు నడువవలదా?

నవల ముగియునప్పటికి డెబొరా సంపూర్ణముగా స్వస్థురాలు కాలేదు. ఆసుపత్రి బయట గదిలో నుండి చదివి, బడి మానిన చదువునకు పరీక్ష వ్రాసి నెగ్గెను; నెగ్గిన పిదపనే మఱల తడబడి వార్డునకు తిరిగివచ్చెను. ఆ వార్డులోనే ఇర్ దేవతలకు వీడుకోలు చెప్పి, నొప్పితో కూడిన యీ లోకమునే తన లోకముగా ఎన్నుకొనెను. రచయిత్రి అంతకు మించి మాట యీయలేదు. మా పాఠకులకు మేమును అంతకు మించి యీయజాలము. మీ యింట పదునాఱేండ్ల బిడ్డ యుండి, ఆమెకు ఇంగ్లీషు వచ్చినచో ఈ పుస్తకము ఆమె చేతికిండు. రానిచో మీరు చదివి కథ చెప్పుడు. చెప్పుచుండగా ఆ బిడ్డ యేదైన నొక చోట ఆపి, ‘అట్లు నాకును అనిపించినది’ అని యన్నచో, పుస్తకము ప్రక్కన పెట్టి వినుడు.